గోదారిని గీసినాయన మనకి గుర్తున్నారా?

ఏడు శనివారాల మొక్కు తీర్చుకోడానికి మా వాడపల్లి ఎంతమంది వస్తున్నారో చూస్తూనే ఉన్నాం కదండీ. దూరం నుంచి రైలెక్కి వచ్చేవాళ్లు రాజమండ్రిలో దిగుతారు. గోదారిలో మునిగి, బండెక్కి ఇటొచ్చేస్తారు. ఆ ఊళ్లోనే ఒక చిత్రశాల ఉందని, మన నేల మనుషులు అందులో రంగుల్లో వందేళ్లుగా బతికున్నారని వాళ్లకి తెలీదు. వాళ్లదాకా ఎందుకు, కోనసీమలో పుట్టిన మనలోనే చాలామందికి తెలీదు. ఆ బొమ్మలు గీసినాయన దామెర్ల రామారావు.

రామారావు 1897లో రాజమండ్రిలోనే పుట్టేరు. చిన్నప్పట్నించీ బొమ్మల మీదే ధ్యాస. అప్పట్లో అక్కడి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అని ఒక ఇంగ్లీషాయన ప్రిన్సిపాలు. ఆయనా బొమ్మలేసేవారే. నదులూ చెట్లూ ఊళ్లూ నీటిరంగుల్లో వేసేవారు. దొరలందర్నీ ఒకే గాటన కట్టేసే అలవాటు నాకూ ఉందండి. కానీ ఈయన దగ్గర కాస్త ఆగాల్సొచ్చింది. కుర్రాడి చేతిలో పనితనం ఉందని గుర్తుపట్టి దారి చూపించింది ఆయనే. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. మనల్ని ఏలిన రాజ్యం ఆయనదే, అది మర్చిపోనక్కర్లేదు. అలాగని ఆయన చేసిన మంచిని దాచనూ అక్కర్లేదు.

1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరేరు. అక్కడ నేర్పేది సీమ పద్ధతి. మనిషి ఒంటి కొలతలు, వెలుగునీడలు, తైలవర్ణాలు అన్నీ పట్టుదలగా నేర్చుకున్నారు. తర్వాత కలకత్తా వైపు వెళ్లి బెంగాలీ చిత్రకారుల పనీ చూసేరు. వాళ్ల రంగులు మంచు కప్పినట్టు మెత్తగా ఉంటాయి. ఈయన సీమ పద్ధతినీ పూర్తిగా మోసుకు రాలేదు, బెంగాల్ పద్ధతినీ కాపీ కొట్టలేదు. గీత తేటగా ఉండాలి, ఒంట్లో బరువు కనపడాలి, రంగు మన ఎండలో చూసిన రంగులా ఉండాలి. కార్తీక పౌర్ణమి, పుష్పాలంకారం, నందిపూజ లాంటి బొమ్మల్లో కనపడేది ఇదే. జడలో పూలు ముడుచుకునే ఆడవాళ్లు, దీపాలు, పూజలు. మన ఇళ్లల్లో రోజూ చూసేవే. అవి బొమ్మకి పనికొస్తాయని అంతకుముందు మనకెవరూ చెప్పలేదు. దీన్నే తర్వాత ఆంధ్ర శైలి అన్నారు.

1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన ఋష్యశృంగ బంధనం చిత్రానికి బహుమతొచ్చింది. అంత పేరొచ్చినోళ్లు పెద్ద ఊళ్లల్లో ఉండిపోతారు. ఈయన ఉండలేదు. రాజమండ్రి వచ్చేసి, 1923లో స్నేహితుడు వరదా వెంకటరత్నం తోడుతో చిత్రకళాశాల పెట్టేరు. నాకు ఈయన మీద గౌరవం పెరిగింది ఇక్కడేనండి. తను నేర్చింది నలుగురికీ పంచాలనుకున్నారు. భార్య సత్యవాణి బొమ్మలేసేవారు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మా వేసేవారు. ఆడోళ్ల చేతికి పలకే సరిగ్గా ఇవ్వని రోజుల్లో ఆ ఇంట్లో కుంచె ఇచ్చేరు.

1925 ఫిబ్రవరిలో మశూచి తగిలి చనిపోయేరు. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. మశూచికి టీకా కనిపెట్టి అప్పటికే నూరేళ్లు దాటింది. అయినా ఆ జబ్బు జనాన్ని తినేస్తానే ఉంది. మన దేశంలో దాని పీడ వదిలింది 1975లోగాని కాదు. ఆయన పోయాక బడినీ బొమ్మల్నీ వెంకటరత్నం గారు కాపాడేరు. ఆ స్నేహితుడు లేకపోతే ఈవేళ మనం చూడ్డానికి ఏమీ మిగిలేది కాదు.

ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ అని ఒక చిత్రకారుడు ఉండేవాడు. పేరు విని పోలీసాయన అనుకోకండి. 1776లో పుట్టేడు. తండ్రికి పిండిమరలు ఉండేవి. ఈయన జీవితమంతా గీసింది తన ఊరి నది, కాలవ, లాకులు, పడవలు, నీళ్లల్లో దిగిన బండి. అచ్చం మన కోనసీమ కాలవల్లాంటివే! ఇవాళ ఆ ప్రాంతాన్ని అతని పేరుతోనే పిలుస్తారు. ఆ మరని, లాకుల్ని కాపాడుకుంటున్నారు. లోకమంతా వెళ్లి చూసొస్తోంది. మనమో? ఆనకట్ట కట్టిన కాటన్ దొరకి ఊరూరా విగ్రహం పెట్టుకున్నాం. మంచిదే, నీళ్లిచ్చేడు. మరి ఆ నీళ్ల పక్కన బతికే మనుషుల్ని బొమ్మకట్టిన మనోడికి ఏం పెట్టేం?

విగ్రహం అడగట్లేదండి. కాగితం మీద వేసిన నీటిరంగు గోదారి చెమ్మకీ, వెలుతురుకీ తట్టుకోదు. ఆ బొమ్మల్ని సరైన పద్ధతిలో కాపాడాలి. వాటి నకళ్లు కోనసీమలో ప్రతి సర్కారు బడి గోడ మీదా ఉండాలి. ఏడాదికోసారి పిల్లల్ని బస్సెక్కించి ఆ చిత్రశాలకి తీసుకెళ్లాలి. దీనికి కోట్లేం అక్కర్లేదు.

బొమ్మలో ఏముందిలే అంటారా? ఆ మాట వాడపల్లిలో అనకండి. 1931 మార్చిలో మా ఊరి రథం మీద గాంధీ పటం పెట్టినందుకు పోలీసులు కాల్పులు జరిపేరు. జనం ప్రాణాలైనా ఒదులుకున్నారుగాని పటం తియ్యడానికి ఒప్పుకోలేదు. ఒక పటం కోసం అంత చేసిన ఊరి వాళ్లం, మనల్నే గీసిన పటాలు చెమ్మకి మాసిపోతుంటే చూస్తూ కూర్చుంటామా? వచ్చే శనివారం రాజమండ్రి మీదుగా వచ్చేవాళ్లు ఒక గంట ముందు బయల్దేరండి. ఆ చిత్రశాల గుమ్మం తొక్కి, రామారావు గారి బొమ్మలు చూసి, అప్పుడు స్వామి దర్శనానికి రండి.