అనగారిక ధర్మపాల: ధర్మదీక్ష, వాక్సంయమం

జన్మభూమిలోనే మరుగునపడిన బౌద్ధానికి పునర్జీవనం కల్పించుటకై సర్వస్వమూ ధారపోసిన మహనీయుడు అనగారిక ధర్మపాల. ఆయన 1864 సెప్టెంబరు 17న కొలంబోలో సంపన్న వర్తక కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు డాన్ డేవిడ్. ఆయన క్రైస్తవ పాఠశాలలో చదువుతుండగా, 1883లో కొటహేనలో బౌద్ధుల ఊరేగింపుపై దాడి జరిగింది. తండ్రి వెంటనే ఆ బడి మాన్పించారు. మతం పేరిట హింస ఎట్టిదో ఆయన పద్దెనిమిదవ ఏటనే ఎరిగారు.

1891 జనవరిలో బుద్ధగయను దర్శించినప్పుడు, మహాబోధి ఆలయం శైవ మహంతు అధీనంలో ఉండుట చూచి, దానిని బౌద్ధులకు దక్కించుటకు దీక్ష వహించారు. ఆ యేడే కొలంబోలో మహాబోధి సొసైటీని స్థాపించి, మరుసటి యేడు కలకత్తాను కార్యక్షేత్రంగా చేసుకొని పత్రిక ప్రారంభించారు. 1893లో షికాగో సర్వమత మహాసభలో థేరవాద బౌద్ధానికి ప్రతినిధిగా నిలిచారు.

1895 ఫిబ్రవరి 25న ఆయన జపాను నుండి వచ్చిన బుద్ధప్రతిమను ఆలయపు పై అంతస్తులో ప్రతిష్ఠించగా, మహంతు మనుషులు వచ్చి దానిని బలవంతంగా తొలగించారు. ధర్మపాల ప్రతిదాడికి పూనుకొనక న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. గయలో గెలిచిన వ్యాజ్యం కలకత్తా హైకోర్టులో ఓడిపోయింది. అయినను ఆయన కలం వీడలేదు, కర్ర పట్టలేదు.

అయితే ఈ జీవితంలో మనం కప్పిపుచ్చరాని మరొక పార్శ్వమున్నది. స్వదేశమైన సింహళంలో ఆయన చేసిన రచనలు, ప్రసంగాలు కొన్ని ముస్లిం వర్తకులను పరాయివారుగా, దోపిడీదారులుగా చిత్రించాయి. అక్కడ ధర్మం సర్వజీవులకు శరణ్యంగా గాక, ఒక జాతి సొత్తుగా మారింది. 1915 మే చివర క్యాండీలో వైశాఖ ఊరేగింపు విషయమై రేగిన వివాదం దీవిలోని అనేక ప్రాంతాలకు పాకి, ముస్లింల ఇళ్లు, దుకాణాలు, మసీదులు దాడులకు గురయ్యాయి. దాడి చేసినవారు త్రిశరణాలు పలికినవారే. ధర్మపాల అప్పుడు కలకత్తాలో ఉన్నారు. ఆ హింసకు ఆయనే కర్త అనుట న్యాయం కాదు. కాని ద్వేషానికి ముందుగా మాట సిద్ధమవుతుందన్న సత్యం నుండి ఆయన మాటలను మినహాయించలేము. బ్రిటిషు ప్రభుత్వం ఆయనను కొన్నేళ్లు కలకత్తాలో నిర్బంధించింది. సైనిక న్యాయస్థానం శిక్షించిన తమ్ముడు ఎడ్మండ్ జాఫ్నా జైలులో మరణించారు.

1920లో కలకత్తా కాలేజీ స్క్వేరులో ధర్మరాజిక చైత్య విహారం వెలసింది. మన భట్టిప్రోలు స్తూపంలో లభించిన ధాతువు అందులో నిక్షిప్తమైనది తెలుగువారికి గర్వకారణం. 1931లో సారనాథ్‌లో మూలగంధకుటీ విహారం పూర్తయింది. 1933లో భిక్షుదీక్ష పొందిన ధర్మపాల ఆ యేడే ఏప్రిల్ 29న అక్కడ పరినిర్యాణం చెందారు. బుద్ధగయ నిర్వహణలో బౌద్ధులకు భాగం 1949లో చట్టం ద్వారా లభించింది. బలప్రయోగం వలన గాదు.

కొత్తగా ధర్మాన్ని స్వీకరించిన మనలో అనేకులకు తరతరాల అవమానాల జ్ఞాపకం ఉన్నది. ఆ బాధ న్యాయమైనదే. అది పొరుగువానిపై పరుషవాక్కుగా మారిననాడు సమ్యక్ వాక్కు భంగమైనట్లే. ఆ మహనీయుని త్యాగాన్ని శిరసావహిద్దాం. ఆయన సాధించిన విహారాలలో మైత్రీభావనను మన బాధ్యతగా నిలుపుదాం.