తిరుగుతున్నంతసేపే కరెంటు: మైకెల్ ఫారడే జీవితం



సెలవులు దగ్గరపడుతున్నాయి. మీలో చాలామంది శ్రీశైలానికో, తిరుపతికో, సొంతూరికో కారులో బయల్దేరతారు. ఈ మధ్య సూట్‌కేసులతో పాటు డిక్కీలోకి ఇంకో పెట్టె కూడా ఎక్కుతోంది. దాన్ని పోర్టబుల్ పవర్ స్టేషన్ అంటున్నారు. లోపల పెద్ద లిథియం బ్యాటరీ, బయట ప్లగ్ పాయింట్లు. ఊళ్లో కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతుంది, తాతగారి నెబ్యులైజర్ ఆగదు. పైగా కారు నడుస్తుండగానే దాన్ని ఛార్జ్ చేసుకోవచ్చు.

దానికి కావలసిన వైరో, ఫ్యూజో కొనడానికి మీరు గౌలిగూడ వైపు వెళ్లారనుకోండి. అక్కడి స్పేర్ పార్ట్స్ దుకాణాల్లో ఆల్టర్నేటర్ అనే భాగం కనిపిస్తుంది. లోపల రాగితీగ చుట్టలు, ఒక పక్క బెల్టు కోసం చక్రం. పాత మెకానిక్కులు దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. హైదరాబాద్‌లో 1932లో నిజాం రైల్వే వాళ్ల రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైనప్పుడు, విమానాల కోసం కట్టిన రేకుల షెడ్డు గౌలిగూడలో బస్టాండుగా మారింది. 2018 జూలైలో కూలిపోయేదాకా ఆ డోము కింద బస్సు ఎక్కినవాళ్లు మీ ఇళ్లలోనూ ఉంటారు. ఆనాటి మోటారు బండ్ల డైనమోకైనా, ఇవాళ్టి మీ కారు ఆల్టర్నేటర్‌కైనా మూలం ఒక్కటే. కారు నడుస్తుంటే కరెంటు ఎక్కణ్నుంచి వస్తోందని మీ అబ్బాయో అమ్మాయో వెనక సీట్లోంచి అడిగితే, మీరు చెప్పాల్సింది ఒక కమ్మరి కొడుకు కథ.

పుస్తకాలు కుట్టిన చేతులు

మైకెల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ శివార్లలో పుట్టారు. తండ్రి జేమ్స్ కమ్మరి. తరచూ జబ్బు పడేవాడు, సంపాదన అంతంతమాత్రం. మైకెల్ బడిలో నేర్చుకున్నది చదవడం, రాయడం, కొద్దిగా లెక్కలు. అంతటితో చదువు ఆగిపోయింది. 13 ఏళ్ల వయసులో జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పత్రికలు పంచే పనికి కుదిరారు. మరుసటి ఏడాది, అంటే 1805లో, అదే దుకాణంలో బైండింగ్ నేర్చుకోవడానికి ఏడేళ్ల ఒప్పందం మీద చేరారు.

బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలను కుట్టడంతో పాటు చదివేవారు కూడా. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయనశాస్త్ర పుస్తకం ఆయన్ని పట్టేశాయి. చేతికందిన చిన్నాచితకా వస్తువులతో ప్రయోగాలు చేసి, పుస్తకంలో ఉన్నది నిజమో కాదో చూసుకునేవారు. యజమాని వద్దనలేదు. సాయంత్రం ఉపన్యాసాలకు టిక్కెట్టు ఒక షిల్లింగు. ఆ డబ్బు అన్న రాబర్ట్ ఇచ్చేవాడు. అన్న కూడా కమ్మరే.

1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇచ్చారు. డేవీ అప్పట్లో ఇంగ్లండులో పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త. ఫారడే విన్నదంతా రాసుకుని, బొమ్మలు వేసి, తనే బైండు చేసి డేవీకి పంపారు. 1813 మార్చిలో అక్కడే ల్యాబ్ సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది. ఆ ఏడాది చివర్లో డేవీ దంపతులతో యూరప్ యాత్రకు వెళ్లారు. దారంతా డేవీ భార్య ఆయన్ని నౌకరులా చూసింది. తిరిగి వెళ్లిపోదామనిపించింది కూడా. అయినా సర్దుకున్నారు. ఆ యాత్రలోనే, మొదటి బ్యాటరీ తయారుచేసిన వోల్టాను మిలాన్‌లో కలిశారు.

ఫలితం లేదని రాసుకున్న ఏళ్లు

1820లో డెన్మార్క్‌కు చెందిన ఓర్‌స్టెడ్ ఒక విషయం గమనించారు. కరెంటు పారే తీగ పక్కనున్న దిక్సూచి ముల్లును కదిలిస్తుంది. అంటే కరెంటు నుంచి అయస్కాంతం వస్తోంది. మరి అయస్కాంతం నుంచి కరెంటు రావాలి కదా? చాలామంది వెతికారు. ఫారడే 1824లో, 1825లో, మళ్లీ 1828లో ప్రయత్నించారు. ప్రతిసారీ ఫలితం లేదని డైరీలో రాసి పెట్టుకున్నారు. అయస్కాంతాన్ని తీగ పక్కన పెడితే కరెంటు నిలకడగా పారుతూ ఉండాలని అందరూ ఎదురుచూశారు. పొరపాటు అక్కడే జరిగింది.

1831 ఆగస్టు 29న ఒక ఇనుప కడియానికి రెండు వైపులా వేర్వేరుగా రాగితీగలు చుట్టారు. ఒక చుట్టకు బ్యాటరీ, రెండో చుట్టకు కరెంటును పసిగట్టే ముల్లు. బ్యాటరీ కలిపిన క్షణంలో ముల్లు అదిరింది, వెంటనే ఆగిపోయింది. తీసేసిన క్షణంలో మళ్లీ అదిరింది. మధ్యలో ఏమీ లేదు. ఇంకొకరైతే ముల్లు చెడిపోయిందనుకునేవారేమో. ఫారడే ఆ చిన్న అదురునే పట్టుకున్నారు. అక్టోబరు 17న తీగచుట్ట లోపలికి అయస్కాంతాన్ని తోసి, లాగి చూశారు. కదిలినప్పుడల్లా కరెంటు, ఆగితే లేదు. అక్టోబరు 28న పెద్ద అయస్కాంతం కొనల మధ్య రాగి పళ్లేన్ని తిప్పారు. తిరుగుతున్నంతసేపూ కరెంటు వస్తూనే ఉంది. అదే మొదటి జనరేటర్.

ఆయనకు పైచదువుల గణితం రాదు. తాను చూసినదాన్ని అయస్కాంతం చుట్టూ గీతల్లా ఊహించుకుని మాటల్లో రాశారు. ఆ ఊహలకు సమీకరణాలు తర్వాత మాక్స్‌వెల్ కట్టారు. పిల్లల కోసం రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలైంది 1825లో. వాటిలో 19 విడతలు ఫారడేనే చెప్పారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుసార్లు వస్తే రెండుసార్లూ వద్దన్నారు. 1858లో ఇంగ్లండు తీరంలోని సౌత్ ఫోర్‌ల్యాండ్ లైట్‌హౌస్‌లో, ఆవిరి ఇంజను తిప్పే యంత్రంతో విద్యుద్దీపం వెలిగింది. దాన్ని పరీక్షించింది ఆయనే. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే మళ్లీ మళ్లీ ఛార్జ్ అయ్యే సీసం బ్యాటరీని తయారుచేశారు. మీ కారు బోనెట్ కింద ఉన్నది దాని వారసురాలే. చివరి ఏళ్లలో జ్ఞాపకశక్తి తగ్గిపోయి, 1867 ఆగస్టు 25న ఫారడే కన్నుమూశారు. ఆయన ప్రయోగశాల డైరీలో పేరాల సంఖ్య 16 వేలు దాటింది.

ఇక మీ డిక్కీలోని పెట్టె సంగతి

మీ కారు ఇంజను బెల్టుతో ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది. లోపల అయస్కాంతం తిరుగుతుంది, చుట్టూ ఉన్న తీగల్లో కరెంటు పుడుతుంది. 1831లో రాగి పళ్లెం చేసిన పనే ఇది. ఈ కింది జాగ్రత్తలన్నీ అందులోంచి వచ్చినవే.

ఒకటి: సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి మామూలుగా 100 నుంచి 120 వాట్లే వస్తాయి. 500 వాట్-అవర్ల పెట్టె నిండటానికి దాదాపు అయిదు గంటలు కావాలి, అంటే హైదరాబాద్ నుంచి శ్రీశైలం చేరేంతసేపు. రెట్టింపు పెట్టె సగమే నిండుతుంది.

రెండు: త్వరగా నిండాలంటే కారు బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, డీసీ-డీసీ ఛార్జర్ పెట్టించాలి. బ్యాటరీ టెర్మినల్‌కు దగ్గర్లోనే ఫ్యూజు ఉండి తీరాలి. లేకపోతే వైరు నలిగి షార్టయినప్పుడు మంటలు లేస్తాయి. ఇది తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని. కారు వారంటీ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

మూడు: టిఫిన్‌కు ఆగి ఇంజను ఆపితే ఆల్టర్నేటర్ ఆగినట్టే. కొన్ని కార్లలో సాకెట్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. అప్పుడు పెట్టె మీ కారు బ్యాటరీనే తాగేస్తుంది. తిరిగొచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోదు. ఇంజను ఆపే ముందు ప్లగ్ తీసేయండి.

నాలుగు: ఎండలో మూసి ఉంచిన కారులో పెట్టెను వదలకండి. చాలా పెట్టెలు 40, 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదు. బెల్టుతో కట్టండి, గాలి రంధ్రాల మీద సంచులు పెట్టకండి.

అయిదు: ఇది ఉచిత కరెంటని పిల్లలకు చెప్పకండి. కరెంటు లాగేకొద్దీ ఆల్టర్నేటర్ తిరగడం బరువవుతుంది, ఇంజను ఆ మేరకు ఎక్కువ తాగుతుంది. 500 వాట్-అవర్లకు అటూఇటుగా అరలీటరు పెట్రోలు ఖర్చు. ఇంట్లో అయితే అర యూనిట్ పైచిలుకుతో అయిపోతుంది. అందుకని బయల్దేరే ముందే నింపుకుని, దారిలో తగ్గినది మాత్రమే కారుతో పూడ్చుకోండి.

ఇంట్లో చేసి చూడండి

కోఠి గుజరాతీ గల్లీలో బొమ్మకార్లకు వాడే పసుపు రంగు గేర్ మోటార్, ఒక ఎర్ర ఎల్ఈడీ కొనండి. మోటార్ వైర్లను ఎల్ఈడీకి కలిపి, మోటార్ ఇరుసును చేత్తో గట్టిగా తిప్పమనండి. ఒకవైపు తిప్పితే వెలగకపోతే రెండోవైపు తిప్పి చూడాలి. తర్వాత ఎల్ఈడీ తీసేసి, రెండు వైర్లను ఒకదానికొకటి తాకించి తిప్పమనండి. ఇరుసు బరువెక్కుతుంది. కరెంటు ఊరికే రాదన్న సంగతి వేళ్లకే తెలుస్తుంది.

మొదటిసారి వెలగకపోవచ్చు. అప్పుడు మోటార్‌ను మీరు లాక్కోకండి. ఏం చేశారో, ఏం జరగలేదో తేదీ వేసి నోటుబుక్కులో రాయమనండి. ప్రోగ్రెస్ కార్డులో ఆ పేజీకి మార్కులు ఉండవు. ఫారడే డైరీలో 1824, 1825, 1828 నాటి పేజీలు అలాంటివే. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు కూడా పట్టుకురండి. సైన్సు టీచరు సంతోషంగా చూస్తారు.