గోండు పిల్లలకు బడి తెరిపించిన హైమన్‌డార్ఫ్

మన ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాల పెన్షనర్లలో ఉట్నూరు, జైనూరు వైపు కొలువు చేసినవారు చాలామంది ఉన్నారు. వారికి హైమన్‌డార్ఫ్ పేరు కొత్త కాదు. గిరిజన బాలల చదువుకు సర్కారు ఖజానా నుండి సొమ్ము రావడానికి మన అడవుల్లో తొలి దారి వేసినవారిలో ఆయన ముఖ్యులు. ఆ మహనీయుని గురించి మన పిల్లలకు, మనవలకు తెలియజేయాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. మానవ శాస్త్రం అభ్యసించి, 1938లో బెట్టీ అనే ఆంగ్ల యువతిని వివాహమాడారు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు దంపతులు మన దేశంలో ఉన్నారు. ఆయనది జర్మనీ పాస్‌పోర్టు గనుక బ్రిటిషువారు శత్రుదేశస్థునిగా లెక్కగట్టి, హైదరాబాదు సంస్థానం దాటరాదని ఆంక్ష పెట్టారు. ఆ విధంగా ఆయన మన ప్రాంతపు గిరిజనుల మధ్యకు వచ్చారు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, గోండులు తిరగబడడానికి కారణాలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఆయనను కోరింది. దంపతులు మార్లవాయి గూడెంలో నివాసమున్నారు. భూములు పరుల పాలు కావడం, అటవీ శాఖ నిర్బంధాలు, వీటికి తోడు కాగితం చదువుకోలేని నిస్సహాయత వారి కంటబడ్డాయి.

అప్పటికి అక్షరం వచ్చిన గోండులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వారితోనే 1943లో మార్లవాయిలో సర్కారు ఖర్చుతో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. రాజభాష ఉర్దూగా ఉన్న కాలంలో ఇది సామాన్యమైన సంగతి కాదు. అక్కడ చదివినవారిలో కొందరు పంతుళ్లుగా, పట్వారీలుగా, గుమాస్తాలుగా కుదురుకున్నారు. తరువాత ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బడుల్లో తెలుగు బోధన వచ్చింది. గోండి వాచకాలు మూలబడ్డాయి. పదవీ విరమణ తర్వాత తిరిగి వచ్చిన హైమన్‌డార్ఫ్ ఈ మార్పు చూసి కలత చెందారు. 1982లో వెలువడిన తన గ్రంథంలో గిరిజనుల స్థితిగతులను వివరంగా వ్రాశారు.

గుమాస్తాగా నేను ఏళ్ల తరబడి ఆశ్రమ పాఠశాలల బిల్లులు చూశాను. బియ్యం, పప్పు, దుప్పట్లు, నోటు పుస్తకాలు, అన్నింటికీ పద్దు ఉండేది. మార్చి 31 లోపు పైసాతో సహా లెక్క తేలేది. పంతులు చెప్పింది పిల్లవాడికి అర్థమయిందా అన్నదానికి మాత్రం ఏ రిజిస్టరులోనూ గడి ఉండేది కాదు. ఒక బడిలో ఒకటో తరగతి పిల్లలు దాహం వేసినా అడగలేక కూర్చోవడం కళ్లారా చూశాను. అక్కడి పంతులుకు గోండి రాదు, వాళ్లకు తెలుగు రాదు. నిధులు ఎంత అవసరమో, వాటి వెంట పిల్లల భాష తెలిసిన మనిషి వెళ్లడం అంత అవసరమని 1943లోనే ఆయన గుర్తించారు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పరమపదించారు. ఆయన చితాభస్మం కూడా ఆమె చెంతకే చేరింది. ఏటా జనవరి 11న గోండులు అక్కడ నివాళులర్పిస్తారు.

మన ఇళ్లలో ఏజెన్సీ బడులకు పంతుళ్లుగా వెళ్లే పిల్లలున్నారు. వెళ్లేముందు నాలుగు గోండి మాటలు నేర్చుకోమని వారికి చెప్పవలసిందిగా సభ్యులందరికీ మనవి.