ఉపాధ్యాయిని గాబ్రియేలా మిస్ట్రాల్

చిలీ దేశపు ఎల్కీ లోయలో 1889లో జన్మించిన లూసిలా గొదోయ్‌ను మూడవ యేటనే తండ్రి విడిచిపోయినాడు. పదునైదేండ్లకే ఆమె పల్లెబడిలో సహాయోపాధ్యాయినిగా చేరినది. పత్రికలలో ఆమె ప్రకటించిన భావములు గిట్టక, ఉపాధ్యాయ శిక్షణాలయము ఆమెకు ప్రవేశము నిరాకరించినది. ఆమె బోధన మానలేదు, రచనయు మానలేదు. 1910లో పరీక్ష నెగ్గి అర్హత సంపాదించినది. 1914లో గాబ్రియేలా మిస్ట్రాల్ అను కలంపేర కవితాబహుమతి నందుకొన్నది.

తెముకో పట్టణపు బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా ఉండగా, కవితలు వ్రాయు ఒక బాలునికి రష్యన్ నవలలిచ్చి చదివించినది. అతడే పాబ్లో నెరూడా.

1922లో ఆమె తొలి కవితాసంపుటి న్యూయార్కులో వెలువడినది, అచ్చటి స్పానిష్ ఉపాధ్యాయుల చొరవవలన. సాహిత్యమునకు నోబెల్ బహుమతి పొందిన తొలి లాటిన్ అమెరికా రచయిత, 1945లో, ఆమెయే. 1957లో కన్నుమూసిన ఆ ఉపాధ్యాయిని, దక్షిణ అమెరికాలో తన గ్రంథములపై వచ్చు రాబడిని, తాను పెరిగిన మోంతెగ్రాందె పల్లె పిల్లలకు వ్రాసిపెట్టినది.