సర్ ఆల్బర్టు హోవర్డు

ఆకుల కుప్పను కూడ శాస్త్రదృష్టితో చూచిన మహనీయులలో సర్ ఆల్బర్టు హోవర్డు ముఖ్యుఁడు. ఇతఁడు 1873 సంవత్సరమున ఇంగ్లాండునందలి ష్రాప్‌షైరులో నొక రైతు కుటుంబమున జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, కొంతకాలము వెస్టిండీసులో సస్యరోగములను పరిశీలించి, 1905లో మన దేశమునకు వచ్చి, బీహారునందలి పూసా పరిశోధనాలయమున వృక్షశాస్త్రజ్ఞుఁడుగా నియమితుఁడయ్యెను. ఆ యేటనే గాబ్రియెల్ మాథాయి యను విదుషీమణిని వివాహమాడెను. ఆమెయు వృక్షశాస్త్రమున నారితేరినదే. వీరిరువురును కలసి రూపొందించిన గోధుమలు పేరుపొందినవి.

పూసాలో నతనికొక సంగతి ఆశ్చర్యము గొల్పెను. చుట్టుపట్ల రైతులు పురుగుమందు లెఱుఁగరు. అయినను వారి పైరులకు తెగుళ్లు స్వల్పము. దొరతనమువారి పండితుఁడయ్యు నతఁడు ఆ రైతులకడ శిష్యుఁడగుటకు సిగ్గుపడలేదు. నేలకు బలమున్నచో పైరునకును పసులకును బలముండునని తలపోసెను. తన యెడ్లు గాలికుంటు సోఁకిన పసులతో మూతులు రాచుకొనియు వ్యాధి పొందలేదని వ్రాసియున్నాఁడు గాని, ఆ యొక్క నిదర్శనముతో మేము తొందరపడి నమ్మఁజాలము.

1924లో ఇందోరునందలి నూతన పరిశోధనాలయమునకు అధిపతియై, అచట తన యెరువు పద్ధతిని నిర్ణయించెను. రెండడుగుల లోతు గుంటలో ఎండుటాకులు, గడ్డి, చెత్త పఱచి, వానిపై పేడ, పసుల మూత్రముతో తడిసిన మన్ను, కట్టెబూడిద పొరలుపొరలుగా వేసి నీరు చిలుకరింతురు. ఆకులలో కర్బనము మెండు, నత్రజని కొఱత. నత్రజని లేనిదే సూక్ష్మజీవులు తమ దేహములను నిర్మించుకొనలేవు గనుక పేడయు మూత్రమును కావలెను. బూడిద పులుపును హరించును. మెత్తని భాగములను ముందుగా తినుచు ఆ జీవులు విడుచు వేడిమిచే కుప్ప 65 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు కాఁగును. అంతటి వేడికి ఓర్వఁగల బాక్టీరియాలే అప్పుడు పని సాగించును. చల్లారఁగా బూజుజాతులు తెల్లని దారములవలె వ్యాపించి గట్టినారను కరఁగించును. గాలి చాలనిచో కుప్ప కుళ్లి దుర్వాసన పుట్టును; మూడుమారులు తిరుగవేయుట అందులకే. సుమారు 90 దినములకు ఆకు రూపు పోయి, నల్లని పొడిపొడి యెరువు మిగులును. రాలినయాకులను ఊడ్చి నిప్పుపెట్టు మావంటివారము ఇచట తలవంచుకొనవలసినదే.

1930లో గాబ్రియెల్ మృతినొందెను. మరుసటి యేట ఇందోరు పద్ధతిని వివరించు గ్రంథము వెలువడెను. హోవర్డు స్వదేశమునకు మరలెను. 1934లో సర్ బిరుదమందియు నతఁడు ఊరకుండక, రసాయనపు టెరువులనే నమ్ము పండితులతో 1947లో మరణించువఱకు వాదించెను. ఆ వాదమున నొక్కొకచో హద్దుమీఱెనని మా యభిప్రాయము. 1940లో ప్రకటించిన ‘అగ్రికల్చరల్ టెస్టమెంటు’ అను గ్రంథమును, పదియేండ్లక్రిందట తన్ను విడిచిపోయిన గాబ్రియెల్‌కే అంకితమిచ్చెను.