అంగడి చౌరస్తాలో మన భీం

ఆసిఫాబాద్, ఉట్నూర్ వైపు ఏ ఊరి అంగడికి పోయినా చౌరస్తాలో కుమురం భీం విగ్రహం ఎదురవుతుంది. దండ వేస్తాం, ఫోటో దిగుతాం. సినిమాలో చూసిన భీం కల్పిత పాత్ర. అసలు భీం జీవితం మన యువత తెలుసుకోవాలి.

భీం 1901లో ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకెపల్లి గూడెంలో గోండు కుటుంబంలో పుట్టాడు. తండ్రి చిన్నూ పోయాక కుటుంబం సుర్దాపూర్ చేరి అడవి కొట్టి సాగు చేసుకుంది. పంట చేతికొచ్చే వేళకు సిద్దిఖీ అనేవాడు ఆ భూమి తనదన్నాడు. ఆ గొడవలో భీం చేతిలో సిద్దిఖీ చనిపోయాడు. భీం ఊరు విడిచి చాందా వైపు వెళ్లిపోయాడు.

అక్కడ విఠోబా అనే ఆయన ప్రెస్సులో పనికి కుదిరి చదవడం, రాయడం నేర్చుకున్నాడని పెద్దలు చెబుతారు. తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడు. కొన్నేళ్లకు తిరిగి వచ్చి కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర ఉన్నాడు. సోంబాయిని పెళ్లి చేసుకున్నాడు.

ఆ రోజుల్లో నిజాం సర్కారు అడవిని రిజర్వు చేసి గీతలు గీసింది. మనవాళ్లు తాతల నాటి నుంచి దున్నిన భూములు గీత లోపల పడ్డాయి. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జరిమానా. జంగ్లాతోళ్లు గుడిసెలు కాల్చేవారు. కాగితం మీద ఏముందో మనవాళ్లలో చదవగలిగినవారు బహు తక్కువ. చదవడం వచ్చిన భీం జోడేఘాట్, బాబేఝరి మొదలైన 12 గూడేలను ఒక్కటి చేశాడు. నీరు, అడవి, భూమి మీద హక్కు కోరాడు. విన్నపాలు ఫలించలేదు. అప్పుడే పోరాటం మొదలైంది.

1940లో సర్కారు బలగాలు జోడేఘాట్ గుట్టలను చుట్టుముట్టాయి. భీం, అతని సహచరులు తుపాకీ గుండ్లకు నేలకొరిగారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు మనం జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుకునేది అందుకే.

ఆ చావు వృథా పోలేదు. ఆ తర్వాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడిని మన గూడేల పరిస్థితి చూడమంది. తిరుగుబాటుకు మూలం భూమి పోవడమేనని ఆయన తేల్చాడు. దాంతో గోండులకు పట్టాలు ఇవ్వడం మొదలైంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వచ్చింది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. 2016లో ఏర్పడిన కొత్త జిల్లాకు భీం పేరు పెట్టారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! హాస్టల్లో పిల్లలకు నేను చెప్పేదే మీకూ చెబుతున్నాను. ఈసారి ఇంటికి పోయినప్పుడు పెట్టెలోని పట్టా కాగితం తీసి అమ్మానాన్నలకు చదివి వినిపించండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు సరిగా ఉన్నాయో చూడండి. తప్పుంటే గ్రామసభలో అడగండి. చౌరస్తాలో వేసే దండ సాయంత్రానికి వాడిపోతుంది. మీరు నేర్చిన అక్షరం ఇంటి భూమిని కాపాడితే అదే భీంకు అసలైన నివాళి.

జై జంగో! జై లింగో!