జోసెఫ్ గోల్డ్‌బెర్గర్

ఇరువదవ శతాబ్దపు ప్రారంభమున అమెరికాలోని దక్షిణ రాష్ట్రములను పెల్లాగ్రా యను వ్యాధి పట్టి పీడించుచుండెను. ఎండ సోకిన చోటనెల్ల చర్మము కంది పొలుసులూడును, విరేచనములు పట్టుకొనును, తుదకు మతి చలించి రోగి మరణించును. ఇది అంటువ్యాధి యని వైద్యులలో పెక్కుమంది నమ్మిరి. ఆ నమ్మకము తప్పని నిరూపించుటకు తన దేహమునే పణముగా నొడ్డిన మహనీయుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్.

ఆయన 1874లో, నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోనిదై నేడు స్లొవేకియాకు చెందిన గిరాల్ట్ అను ఊర ఒక యూదు కుటుంబమున జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులతో న్యూయార్కు చేరెను. తండ్రి అచట పచారీ దుకాణము నడపి కుటుంబమును పోషించెను. జోసెఫ్ మొదట ఇంజనీరింగు విద్యలో చేరి, పిదప వైద్యమునకు మరలి, 1895లో పట్టము పొందెను. 1899లో ప్రభుత్వ ఆరోగ్యశాఖలో ప్రవేశించి, అంటురోగములతో పోరాడుచు తానును ఎల్లో ఫీవరు, డెంగీ, టైఫస్ జ్వరముల పాలై బయటపడెను.

1914లో పెల్లాగ్రాను పరిశోధించు భారము ఆయనపై పడెను. అనాథాశ్రమములను, పిచ్చాసుపత్రులను దర్శించగా ఆయనకొక వింత కనబడెను. అచట నివసించువారికి ఈ వ్యాధి వచ్చుచుండెను గాని, రేయింబవళ్లు వారిని తాకి సేవచేయు దాదులకును ఉద్యోగులకును వచ్చుటలేదు. అంటువ్యాధియైనచో ఈ భేదమేల? ఆయన దృష్టి భోజనపు పళ్లెములపై పడెను. బీదల ఆహారము ముఖ్యముగా మొక్కజొన్నపిండి, చెరకుపాకము, పంది క్రొవ్వు. మిసిసిపీ రాష్ట్రములోని జాక్సన్ పట్టణమున రెండు అనాథాశ్రమముల బాలలకు పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడుగింజలు పెట్టించగా వ్యాధి మటుమాయమయ్యెను.

1915లో అదే రాష్ట్రమున, విడుదల చేయుదునను గవర్నరు వాగ్దానముపై కొందరు ఖైదీలు పరీక్షకు ఒడబడిరి. మొక్కజొన్న ప్రధానమైన ఆహారమును నెలల తరబడి తినిన 11 మందిలో ఆరుగురికి వ్యాధి లక్షణములు కానవచ్చెను. స్వేచ్ఛకై రోగమును కొనుక్కొను అట్టి పరీక్షను నేటి వైద్యనీతి అంగీకరింపదు.

అయినను విమర్శకులు శాంతింపలేదు. 1916లో గోల్డ్‌బెర్గర్ రోగుల రక్తమును తన శరీరములోనికి ఎక్కించుకొనెను. వారి చర్మపు పొలుసులను, మలమూత్రములను పిండిలో కలిపి మ్రింగెను. భార్య మేరీయు రోగి రక్తమును ఎక్కించుకొనెను. ఆ పరీక్షలలో పాల్గొనిన ఎవ్వరికిని పెల్లాగ్రా రాలేదు. పిదప ఆయన పత్తిమిల్లుల గ్రామములలో కుటుంబముల ఆదాయమును లెక్కించి, ఆదాయము తగ్గిన కొలది వ్యాధి హెచ్చునని చూపెను. దారిద్ర్యమే మూలమను ఈ సత్యము దక్షిణ ప్రాంతపు ప్రముఖులు పలువురికి రుచింపలేదు.

ఆహారములో లోపించినదేదియో ఆయన కనుగొనజాలకపోయెను. కాని చౌకగా దొరకు ఈస్టు దానికి విరుగుడని తెలిసికొనెను. 1927లో మిసిసిపీ నది పొంగినపుడు బాధితులకు ఈస్టును పంచిపెట్టిరి. 1929లో ఆయన క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను. 1937లో ఎల్వెజెమ్ అను శాస్త్రజ్ఞుడు ఆ లోపము నికోటినిక్ ఆమ్లమని తేల్చెను.

దానికింత శక్తి యేల? మన కణములు ఆహారమునుండి శక్తిని గ్రహించుటకు ఎంజైములు తోడ్పడును. వానిలో పెక్కింటికి సహాయకుడొకడు కావలెను. అట్టి సహాయక పదార్థమును సహఎంజైము అందురు. 1906లో హార్డెన్, యంగ్ అనువారు ఈస్టు రసమున కనుగొనిన సహఎంజైమునకే నేడు ఎన్.ఏ.డి. అని పేరు. అది ఆహారపదార్థములనుండి హైడ్రోజనును గ్రహించి వేరొకచోట అందించును. ఆ అందింపువలన కణమునకు శక్తి చేకూరును. దీని నిర్మాణమునకు నికోటినిక్ ఆమ్లము ఉపకరించును. అది కొరవడినచో చర్మము, ప్రేగులు, మెదడు దెబ్బతినును. వయస్సు మీరిన కొలది ఈ సహఎంజైము పలు కణజాలములందు తగ్గునని పరిశోధనలు సూచించుచున్నవి. అయితే దానిని పెంచినంత మాత్రమున మానవుని ఆయువు పెరుగునని ఇంకను రుజువు కాలేదు.

మన దక్కనులో జొన్నలే ముఖ్యాహారమైన బీదలలోను ఈ వ్యాధి కనబడగా, హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు సి. గోపాలన్ దానిని పరిశోధించెను. రోగిని చూచువాడు అతని పళ్లెమును కూడ చూడవలెనని గోల్డ్‌బెర్గర్ జీవితము మనకు నేర్పుచున్నది.